ఉమ్మి సారు

మొన్న కోదాడ నుంచి ఒక మనిషి వచ్చి, ఒక ముసలామె పోయిందని చెప్పి వెళ్లాడు. ఆమె నాకు చుట్టం కాదు. నా జన్మలో ఆమెను చూసింది మూడే మూడుసార్లు. అయినా ఆ కబురు విని చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. మా కోడలు వచ్చి, "ఎవరు మామయ్యా, దగ్గరోళ్లా?" అని అడిగింది.

యాభై ఏళ్లకు పైగా ఒక మాట కడుపులో పెట్టుకున్నాను. దాచమని అడిగిన మనిషి ఎప్పుడో పోయాడు. ఎవరికి తెలియకూడదో ఆమె ఇప్పుడు పోయింది. ఇక చెప్పొచ్చు. అయితే నేను చెప్పాలనుకుంటున్నది ఆమె గురించి కాదు, ఆమె మరిది గురించి.

ఆయన పేరు రాయను. బతికుండగా ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లూ తక్కువే. సూర్యాపేట బడిలో పిల్లలకు ఆయన ఉమ్మి సారు. సైన్సు మాస్టరు. పట్నంలో పెద్ద చదువు, అదీ ఉర్దూలో చదివి వచ్చాడు. నేను అదే బడిలో తెలుగు పంతుల్ని. నాకు ఇరవై రెండు, ఆయనకు నా మీద పదేళ్లు ఎక్కువ. ఒకే ఇంట్లో పక్కపక్క గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. రాజ్యం మారడానికి ముందటి రోజులవి.

ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్తాను. ప్రతి ఏడూ కొత్త తరగతికి ఆయన మొదటి పాఠం ఒకటే. మూడు చిల్లులు పెట్టిన చెక్కదిమ్మె, అందులో మూడు గాజు గొట్టాలు, మూడింట్లోనూ పలుచటి గంజి. పక్కన దవాఖాన నుంచి అడిగి తెచ్చుకున్న టింక్చర్ అయోడిన్ సీసా. పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పాలి కాబట్టి ఉర్దూలోనే మొదలుపెట్టేవాడు. ఎంజైమును ఆ పుస్తకాల్లో ఖామిరా అనేవారు. ఆ మాటకు నోరు తిరక్క పిల్లలు తిప్పలు పడుతుంటే కాసేపు చూసి, "ఇగ ఉమ్ముండ్రి" అని తెలుగులో అనేవాడు. ఆ ఒక్క ముక్క మాత్రం అందరికీ అర్థమయ్యేది.

మొదటి గొట్టంలో వట్టి గంజి. రెండో దాంట్లో గంజి, ఉమ్మి. మూడో దాంట్లో కూడా గంజి, ఉమ్మే, కానీ ఆ ఉమ్మిని ముందుగా స్పిరిట్ దీపం మీద పెట్టి బుడగలు వచ్చేదాకా మరిగించేవాడు. తర్వాత మూడు గొట్టాలనూ రెండు గుప్పిళ్లలో పట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. చేతుల వెచ్చదనం చాలు వాటికి. తరగతి మొత్తం నిశ్శబ్దంగా ఆయన గుప్పిళ్ల వంక చూస్తూ ఉండేది. గుడ్లు పొదిగే కోడిలా అంత ఓపిగ్గా కూర్చున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

తర్వాత ఒక్కో గొట్టంలో ఒక్కో చుక్క టింక్చర్ వేసేవాడు. మొదటిది సిరాలా నల్లనీలం. రెండోది నీలం కాదు, ఎందుకంటే అందులో గంజి ఇక గంజిగా లేదు, తీపిగా మారిపోయింది. మూడోది మళ్లీ నల్లనీలం.

"సూసిండ్రా? గంజి తియ్యగ అయ్యేది తనంతట తానే అయితది గాని, ఎన్నేండ్లు పడ్తదో ఎవరికెరుక. ఉమ్మిల ఉన్న ఎంజైము దాన్నే జల్ది చేస్తది. కొత్తగ ఏం పుట్టియ్యదు. పని చేసినంక తాను అరగది, కరగది, ఇంకోదాని మీద పడ్తది. గంజికి పనికొచ్చేది పాలకు పనికిరాదు. ఇగ మూడో గొట్టం సూడుండ్రి. గిది సచ్చింది. ఉడికిస్తె సస్తది. మిగతాదంత మరిచిపోయినా మంచిదే, మూడో గొట్టం యాదికి పెట్టుకోండ్రి."

ఒకసారి ఊళ్లో పెద్దింటాయన ఒకడు కర్ర ఊపుకుంటూ బడికి వచ్చాడు. "మా పిల్లగాని ఉమ్మి, గా ఊరవతలి వాడోళ్ల పోరని ఉమ్మి ఒక్క గొట్టంల కలుపుతవా? ఎంగిలి అనేది లేదా నీకు?" అని వరండాలోనే నిలదీశాడు. హెడ్మాస్టరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మా సారు ఎంతో మర్యాదగా చెప్పాడు:

"కలపలేదండి. ఒక్కొక్కల్లది ఒక్కో గొట్టంల పోసి, గడియారం పెట్టి సూసిన. మీ వోనిది జర ఆలస్యంగ పనిచేసింది. బువ్వ మంచిగ నమిలి తినమనుండ్రి."

నేను గోడ వైపు తిరిగి నోరు నొక్కుకున్నాను. ఆయన ఎకసెక్కానికి అనలేదు. గడియారం చూపించింది చెప్పాడు, అంతే. తెలిసిన నిజాన్ని ఎదుటివాడి మొహం మీదే చెప్పకుండా ఉండలేకపోవడం ఆయన జబ్బు. హెడ్మాస్టరు లెక్క తప్పితే పిల్లల ముందే దిద్దాడు. కాంపౌండరు గాయానికి కట్టు తప్పుగా కట్టాడని దవాఖానలో అందరి ముందూ విప్పించాడు. హోటలాయన ఇడ్లీ పిండి ఎండలో పెడితే, "గంత ఎండకు పులుసుడు ఆగిపోతది" అని అరగంట పాఠం చెప్పి చాయ్ చల్లార్చుకున్నాడు. దాంతో సూర్యాపేటలో ఆయనకు నమస్కారం పెట్టేవాళ్లే గానీ, పక్కన కూర్చునేవాళ్లు లేకపోయారు.

భోజనానికైతే అసలే కూర్చునేవాళ్లు కాదు. ఆయన తినే పద్ధతి అలాంటిది. జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నమిలేవాడు. నమిలీ నమిలీ, రొట్టె తియ్యబడే క్షణం కోసం చూసేవాడు. అప్పుడు చెయ్యి పైకెత్తి, "ఇగ వచ్చింది" అనేవాడు. ఆ మధ్యలో ఎవరైనా మాట్లాడితే మొదటికొచ్చేది. రెండు రొట్టెలకు గంట. నేను మొదటి వారం కలిసి తిని, రెండో వారం నుంచి ఏదో వంక చెప్పి ముందే తినేయడం మొదలుపెట్టాను. గోడ అవతల నుంచి రోజూ ఆ మాట వినిపించేది, "ఇగ వచ్చింది" అని, ఎవరితోనో చెప్తున్నట్టు. ఆ గదిలో ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, కలిసి తింటే నా గంట ఏం పోయేది?

ఇంకో అలవాటు, వేడిగా ఉన్న దేంట్లోనైనా చూపుడువేలు ముంచడం. చాయ్‌లో, పప్పుచారులో, స్నానం నీళ్లలో. ముంచి, లోపల్లోపల ఒకటి, రెండు, మూడు అని ఎంచేవాడు. మూడుదాకా ఓర్చుకోగలిగితే ఎంజైము బతికే వేడి, ఓర్చుకోలేకపోతే చచ్చే వేడి. ఆ వేలి కొన ఎప్పుడూ ఎర్రగా, గట్టిపడి ఉండేది. ఆత్మకూరులో ఒక సంబంధం ఉందంటే పెళ్లిచూపులకు నేనే తోడు వెళ్లాను. అమ్మాయి పాయసం గిన్నె తెచ్చి పెట్టింది. ఈయన అందులో వేలు ముంచి ఎంచడం మొదలుపెట్టాడు. అమ్మాయి తండ్రి నా మొహం చూశాడు. నేను పైకప్పు చూశాను. ఆ సంబంధం అక్కడితో ఖతం. తిరిగి వచ్చేటప్పుడు బండిలో, "పాయసం మంచిగున్నది పంతులూ" అన్నాడు. బాధపడ్డాడా అంటే పడ్డాడు. ఆ వేలిని తువ్వాలు చెంగులో చుట్టి పెట్టుకున్నాడు దారి పొడుగునా.

ఒకరోజు నేనే మేళమాడాను. "మీ ఎంజైము మీలాంటిదే సారూ. అందరి పనులూ చక్కబెట్టి తాను మాత్రం ఎట్లున్నది అట్లనే ఉంటుంది."

"కాదు పంతులూ," అన్నాడు చాలా సీరియస్‌గా. "అది అరగది. నేను మనిషిని, అరుగుత."

ఆ ఏడు ఎండాకాలంలో వాళ్లమ్మను కోదాడ నుంచి తీసుకొచ్చాడు. అన్న చాలా ఏళ్ల కిందే పోయాడు. పిల్లలు లేని వదిన కోదాడలో అత్తను కనిపెట్టుకుని ఉండేది. తల్లికి గొంతులో ఏదో గడ్డ. రొట్టె దిగదు, గటక దిగదు. గటక అంటే గట్టిగా ఉడికించిన జొన్నపిండి, మా వైపు రెండు పూటలా అదే. నీళ్లలాంటి గంజి అయితేనే గుటక పడేది. అందులో నీళ్లే తప్ప ఏముంటుంది? ఎముకలు తేలి, చీరలో మనిషి ఉందా లేదా అన్నట్టుగా దిగింది బస్సులోంచి.

అప్పుడు చూశాను ఆయన చదువు ఏం చేయగలదో. తైదలు, అంటే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, మొలకలు నలిపి తీసేసి, తిరగలిలో తానే విసిరాడు. తర్వాత గరిటె నిలబడేంత గట్టిగా గటక వండాడు. పొయ్యి మీది నుంచి దించాడు. వేలు ముంచాడు, తీశాడు. ఆగాడు. మళ్లీ ముంచాడు. ఈసారి మూడు ఎంచగలిగాడు. అప్పుడు ఒక్క చెంచాడు మొలకల పిండి చల్లి కలపడం మొదలుపెట్టాడు.

"సూడు పంతులూ."

చూస్తుండగానే గరిటె వదులైంది. గటక జారింది. కాసేపటికి మజ్జిగలా గిన్నెలోంచి గ్లాసులోకి ధారగా పడింది. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. నా కళ్ల ముందే జరిగింది కాబట్టి నమ్మాను.

"గటక గటకంత గండ్లనే ఉన్నది, యాడికి పోలే. మొలకల ఉన్న ఎంజైము దాన్ని తుంపింది, గంతే. గిన్నెడు బువ్వ బలం గ్లాసులకు వచ్చింది," అన్నాడు. ఆ మొహంలో ఉన్న సంతోషం రాయడం నాకు చేతకాదు.

తల్లి చిన్న చిన్న గుటకలు వేస్తూ తాగేది. గ్లాసుకు గంట పట్టేది. ఆయన ఎదురుగా కూర్చుని రొట్టె నమిలేవాడు. ఆయనకూ గంటే. "ఇగ వచ్చిందా కొడుకా?" అని ఆమె అడిగేది. "వచ్చిందమ్మా," అనేవాడు. ఒకసారి ఆమె నాతో నవ్వుతూ, "నా కొడుకు జతకు ఎవ్వలు కూసోరని నాకెరుకే బిడ్డా. దేవుడు నా గొంతు గిందుకే పట్టుకున్నడేమో, ఇద్దరం సరిపోయినం," అన్నది. రెండు నెలల్లో ఆమె గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మూడో నెలలో గోడ వదిలేసింది. ఆ మూడు నెలలూ ఆ మనిషి ఎవరినీ దిద్దలేదు. హెడ్మాస్టరు కూడా ఆశ్చర్యపోయాడు.

తర్వాత ఊళ్లో గడబిడలు ముదిరాయి. బడి మూసేశారు. ఎప్పుడు ఎవరు ఎవరి ఇంటి మీద పడతారో తెలియదు. కోదాడ సరిహద్దుకు దగ్గర, ఏదైనా అయితే అవతలికి దాటొచ్చని, తల్లిని మళ్లీ అక్కడికి పంపడమే మంచిదనుకున్నాడు. వదిన వచ్చి తీసుకెళ్లింది. ఆ రోజే నేను ఆమెను మొదటిసారి చూడడం. బస్సు దగ్గర పిండి డబ్బా ఆమె చేతిలో పెట్టి, "పొయ్యి మీంచి దించినంక కలుపాలె వదినా. వేలు పెట్టి సూసి, ఓర్సుకునేటంత అయినంకనే. ఉడికియ్యద్దు," అని మూడుసార్లు చెప్పాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "అట్లాగేలే," అన్నది ఆమె. కొన్నాళ్లకు బస్సులు ఆగిపోయాయి.

రెండు నెలలు ఆయన కోదాడ పోలేకపోయాడు. ఎవరి బండి అటు పోతుందంటే వాళ్ల చేతికి పిండి డబ్బా ఇచ్చి పంపేవాడు. అటు నుంచి వచ్చేవాళ్ల ద్వారా కబుర్లు వచ్చేవి: ఉన్నది, మంచిగనే ఉన్నది, జర సన్నబడ్డది. ఆ "సన్నబడ్డది" వినగానే ఆయన లేచి నిలబడేవాడు. "సన్నబడద్దు గద పంతులూ? పిండి అందుతున్నది గద?" అని నన్నే అడిగేవాడు. నాకేం తెలుసు? ఇంకా మెత్తగా విసరాలేమో అని మళ్లీ తిరగలి ముందు కూర్చునేవాడు.

మిలిటరీ వచ్చి, దారులు తెరుచుకుని, బస్సు నడిచిన మొదటి రోజే బయలుదేరాడు. నేనూ వెళ్లాను.

తల్లి నులక మంచం మీద ఉంది. నేను ఆనవాలు పట్టలేదు. సూర్యాపేటలో వాకిట్లోకి నడిచి వచ్చిన మనిషి ఈమేనా అనుకున్నాను. వదిన తల దగ్గర కూర్చుని, గిన్నెలోంచి చెంచాతో నీళ్లలాంటిదేదో పోస్తోంది. సారు వెళ్లి ఆ గిన్నెలో వేలు ముంచాడు. తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత పొయ్యి వైపు చూశాడు. దాని మీద గటక కుండ కుతకుత ఉడుకుతోంది.

వదిన మొహం నిండా ఆత్రం. పరీక్ష రాసి పేపరు ఇచ్చిన పిల్లలా చెప్పింది: "పూటపూటకీ నువ్వు పంపిన పిండి వేస్తన్నా. ఒక్క పూట తప్పలా. దించినాక కలపమన్నావు గానీ, పచ్చిపిండి ఎట్టా పెట్టేది చెప్పు జబ్బు మనిషికి? కడుపులో నొప్పి వచ్చుద్ది. పచ్చిపిండి పెట్టి అత్తను చంపిందంటారు రేపు. అందుకని కుండ పొంగు మీదున్నప్పుడు వేసి, పచ్చివాసన పోయిందాకా తుకతుక ఉడికిస్తన్నా. నువ్వు పలచగా అయిద్దన్నావు. అది అవలా. నీళ్లు పోసి నేనే పలచజేశా."

సైన్సు రాని నాకే అర్థమైపోయింది. ఎన్నిసార్లు చూశాను మూడో గొట్టాన్ని! రెండు నెలలుగా ఆ తల్లి తాగింది నీళ్లు. ఆయన విసిరిన పిండి అంతా ఆ కుండలో చచ్చిపోయింది. ఇక ఈ మనిషి ఊరుకుంటాడా? ఇడ్లీ పిండి గురించి హోటలాయన తల తిన్న మనిషి, పెద్దింటాయన మొహం మీదే చెప్పిన మనిషి! గట్టిగా అరుస్తాడనుకుని నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఆయన వేలు పంచెకు తుడుచుకున్నాడు.

"ఒక్కోపాలి అట్లనే అయితది వదినా. మంచిగ చేసినవ్," అన్నాడు.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ ఒక్క మాట కోసమే రెండు నెలలూ ఎదురుచూసినట్టుంది.

"బాయి నుంచి మంచినీళ్లు తెస్తవా? దప్పికైతున్నది," అని ఆమెను బయటికి పంపాడు. ఆమె అటు వెళ్లగానే కుండ దించాడు, వేలు పెట్టాడు, ఎంచాడు, సంచిలోంచి పిండి తీసి కలిపాడు. ఆమె బిందెతో వచ్చేసరికి తల్లి గ్లాసులో సగం తాగింది. వదిన బిందె దించి, సంతోషంగా, "చూశావా, నువ్వొస్తే తాగింది! కొడుకు చేతిది గదా," అన్నది. తల్లి ఆయన మణికట్టు పట్టుకుంది. "గిప్పుడొచ్చినవా కొడుకా. కూసో. నువ్వు గూడ తిను," అన్నది. ఆయన కింద కూర్చున్నాడు. వదిన రొట్టె పెట్టింది. నమిలాడు. చాలాసేపు నమిలాడు. చెయ్యి మాత్రం పైకి లేవలేదు.

మూడో రోజు పొద్దున తల్లి పోయింది. అప్పటికే ఆలస్యమైంది.

కర్మలయ్యాక తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఆగలేకపోయాను. "ఆమెకు చెప్పాలి సారూ. మీరు అంతగా చెప్పినా వినలేదు. ఊరుకుంటే ఎట్లా?" అన్నాను. నిజంగా కోపం వచ్చింది నాకు, ఆమె మీదా, ఈయన మీదా.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "ఆమెకు మొగడు లేడు, పిల్లలు లేరు. అత్తను మంచిగ సూసుకున్న అనే ఒక్క మాట ఉన్నది. గది గూడ గుంజుకుంటె ఏం మిగుల్తది పంతులూ? మూడో గొట్టం సంగతి తెలిస్తే ఆమె ఇగ పొయ్యి ముట్టియ్యది. తప్పు నాది. నోటితోని చెప్పి పంపిన. చేసి సూపియ్యలే." నా వైపు తిరిగి, "నువ్వు ఎవ్వలకు చెప్పద్దు," అన్నాడు. సరేనన్నాను.

మరుసటేడు ఆయన్ని మిర్యాలగూడ బడికి వేశారు, కొన్నాళ్లకు నన్నూ అక్కడికే. అప్పటికి పాఠం తెలుగులో చెప్పొచ్చన్నారు. ఆ వానాకాలం ఊళ్లో పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుని, తగ్గాక కూడా లేవలేక పడి ఉన్నారు. మా సారు తల్లులను బడికి పిలిపించాడు. మొలకల పిండితో గటకను పలుచగా చేసి చూపిద్దామని. ఈసారి నోటితో చెప్పడు, చేసి చూపిస్తాడు. రెండు రోజులు అదే ధ్యాస. పొయ్యి, కుండ, పిండి, చెక్కదిమ్మెలో మూడు గొట్టాలు, అన్నీ సిద్ధం. పన్నెండు మంది ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఆ సంవత్సరంలో మొదటిసారి ఆయన మొహంలో కాస్త కళ చూశాను.

అప్పుడే గుమ్మంలోకి వదిన వచ్చింది. చింతకాయ పచ్చడి జాడీతో పొద్దుటి బస్సుకు దిగి, ఇంటికి తాళం ఉంటే బడికి వచ్చిందట. ముందు వరసలో కూర్చుంది. మరిది పాఠం ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్లింత చేసుకుని చూస్తోంది.

సారు ఆమెను చూశాడు. మెల్లగా మూడో గొట్టాన్ని దిమ్మెలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. గటక కుండ మీద మూత పెట్టేశాడు. రెండు గొట్టాలతో ఏదో పాఠం చెప్పి, మొలకల పిండి పిల్లలకు మంచిదని, గటకలో కలపమని ముగించబోయాడు.

వెనక నుంచి ఒకామె అడిగింది: "సారూ, గా పిండి ఏసి ఉడికియ్యాల్నా, దించినంక కలుపాల్నా?"

ఆయన నోరు తెరిచేలోపే వదిన వెనక్కి తిరిగింది. "ఉడికించాలమ్మా. పచ్చిపిండి పెట్టకూడదు. మా అత్తకు రెండు నెలలు నేనట్టాగే పెట్టా. అడగండి మా మరిదిని."

అందరూ ఆయన వైపు చూశారు. అవునంటే పన్నెండు ఇళ్లల్లో పన్నెండు మంది పసివాళ్లు నీళ్లు తాగుతారు. కాదంటే ముందు వరసలో కూర్చున్న ఆ మనిషికి అంతా తెలిసిపోతుంది. పక్కన హెడ్మాస్టరు ఉన్నాడు, బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా ఉన్నాడు.

"నాకు తెల్వదు," అన్నాడు.

తెలియదనే మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరు వంక చూసి నవ్వాడు. ఆడవాళ్లు గుసగుసలాడుకుంటూ లేచారు. ఒకామె వినబడేట్టే అన్నది, "తెల్వనిదానికి గింత దూరం ఎందుకు పిలిసినట్టో." సారు తల దించుకుని గొట్టాలు కడుగుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే, వదిన నిద్ర లేవకముందే, నా తలుపు కొట్టాడు. చేతిలో పిండి సంచి, పన్నెండు పేర్లు రాసిన కాగితం. నడిచాం. హాలియా దారిలో చివరి గుడిసెదాకా, ఒక్కో ఇంటికీ. ప్రతి ఇంట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఉడికే కుండ దింపించి, వేలు ముంచి, ఎంచి, పిండి కలిపి, పలుచబడేదాకా గరిటె తిప్పి చూపించాడు. "ఉడికియ్యద్దమ్మా. వేలు ఓర్సుకునేటంతనే," అని. పన్నెండు ఇళ్లు. ఒక్క పొద్దులో అయ్యేది కాదు, రెండు పొద్దులు పట్టింది.

ఆఖరి ఇంట్లో, మొన్న బడిలో వెటకారంగా మాట్లాడినామే ఉంది. గటక మజ్జిగలా జారడం చూసి, గరిటె తానే అందుకుని రెండుసార్లు తిప్పింది. తర్వాత ఆయన్ని ఎగాదిగా చూసి అడిగింది:

"గింత ఎరుకున్నోనివి, మరి ఆనాడు అందరి ముంగట తెల్వదంటివేంది సారూ?"

"ఆనాడు తెల్వదమ్మా," అన్నాడు. "తర్వాత సదువుకున్న."

బయటికి వచ్చాక చూశాను, చూపుడువేలు పొక్కి ఉంది. కాలిందా అంటే, జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చేసరికి వదిన రొట్టెలు చేసి ఎదురుచూస్తోంది. ఆ పూట నేనూ కూర్చున్నాను ఆయన పక్కన, ఆయన ముగించేదాకా. గంట పట్టింది.

మిర్యాలగూడలో ఆ తర్వాత ఆయన పేరు ఉమ్మి సారు కాదు, తెల్వదు సారు. ఇన్‌స్పెక్టరు ఏం రాశాడో గానీ, ఆయన ఎప్పటికీ హెడ్మాస్టరు కాలేదు. పెళ్లీ కాలేదు. ఒంటరిగానే పోయాడు. నేను వెళ్లేసరికి కంచంలో సగం తిన్న రొట్టె ఉంది.

మొన్న వచ్చిన కోదాడ మనిషికి ఇవేవీ తెలియవు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, "ఆఖరిదాకా ఒకటే మాట చెప్పుకునేదండి పెద్దమ్మ. మా అత్తను నేను కళ్లల్లో పెట్టుకుని చూసుకున్నా, ఒక్క పూట కూడా పచ్చిపిండి పెట్టలా అని. కావాలంటే మిర్యాలగూడ పంతులుగారిని అడగండి, ఆయన చూశాడు అనేది. నిజమేనా అండి?" అన్నాడు.

ఇక చెప్పొచ్చు కదా అని నోటిదాకా వచ్చింది.

"నిజమే," అన్నాను. "మంచిగ చేసింది."